అంతరిక్ష వ్యర్థాలు: శ్రీహరికోట నుంచి కోడుమూరు ఆకాశం దాకా

అంతరిక్ష వ్యర్థాలు అంటే భూమి చుట్టూ తిరుగుతున్నా ఇక ఏ పనికీ రాని మానవ నిర్మిత వస్తువులు. కాలం తీరిన ఉపగ్రహాలు, ఉపగ్రహాన్ని వదిలిపెట్టాక కక్ష్యలోనే ఉండిపోయిన రాకెట్ పైదశలు, పేలుళ్లలోనూ ఢీకొన్నప్పుడూ పుట్టిన శకలాలు, ఊడిపోయిన బోల్టులు, రాలిన రంగు పెచ్చులు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఐరోపా అంతరిక్ష సంస్థ 2025 నాటి అంచనా ప్రకారం కక్ష్యలో 10 సెంటీమీటర్ల కంటే పెద్ద వస్తువులు సుమారు 54 వేలు. వాటిలో పనిచేస్తున్న ఉపగ్రహాలు 9 వేల పైచిలుకే. 1 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య ఉన్న ముక్కలు 12 లక్షలు, 1 మిల్లీమీటరు నుంచి 1 సెంటీమీటరు దాకా ఉన్నవి 13 కోట్లు ఉంటాయని ఆ సంస్థ లెక్క.

ఈ సమస్యతో తెలుగు నేలకు సంబంధం దగ్గరిది. భారత ఉపగ్రహ వాహక నౌకలన్నీ బంగాళాఖాతం ఒడ్డున ఉన్న శ్రీహరికోట నుంచే కక్ష్యకు చేరుతున్నాయి. మన దేశం వల్ల పుట్టిన శకలాల్లో ఎక్కువ భాగానికి మూలం అక్కడి ప్రయోగమే. వాటిని కనిపెట్టే రాడార్ కూడా అక్కడే ఉంది. ఉపగ్రహ చిత్రాల మీద ఆధారపడే కరువు అంచనాలు, వాన సూచనలు కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని రైతుల బతుకుతో ముడిపడి ఉన్నాయి. కక్ష్యను శుభ్రంగా ఉంచుకోవడం శాస్త్రవేత్తల పట్టింపు మాత్రమే కాదు, వానాధార సేద్యం చేసే ప్రతి ఊరి అవసరం.

కక్ష్యలు, వేగాలు

భూమి నుంచి 2,000 కిలోమీటర్ల ఎత్తు లోపున్న ప్రాంతాన్ని దిగువ భూకక్ష్య అంటారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాల్లో ఎక్కువ భాగం 500 నుంచి 900 కిలోమీటర్ల మధ్య ఉంటాయి. టీవీ ప్రసారాలకు, వాతావరణ పరిశీలనకు వాడే ఇన్‌శాట్ తరహా ఉపగ్రహాలు దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున భూస్థిర కక్ష్యలో ఉంటాయి. వ్యర్థాల రద్దీ ఎక్కువగా ఉన్నది దిగువ భూకక్ష్యలో, అందులోనూ 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య.

ప్రమాదానికి అసలు కారణం వేగం. దిగువ కక్ష్యలో ఏ వస్తువైనా సెకనుకు సుమారు 7.5 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. బస్సుకు గంటకు పైగా పట్టే కోడుమూరు–ఆదోని దూరాన్ని అది పది సెకన్లు తిరగకుండానే దాటేస్తుంది. రెండు వస్తువులు వేర్వేరు దిశల నుంచి ఎదురుపడితే వాటి సాపేక్ష వేగం సెకనుకు 10 కిలోమీటర్లు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. ఆ వేగంతో వచ్చే ఒక్క గ్రాము లోహపు ముక్కలో, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే టన్ను బరువున్న కారుకు ఉన్నంత శక్తి ఉంటుంది. మిల్లీమీటరు రేణువు తగిలినా సౌరఫలకమో కెమెరానో దెబ్బతింటుంది. సెంటీమీటరు ముక్క ఉపగ్రహాన్ని పని చేయకుండా చేయగలదు. 10 సెంటీమీటర్ల శకలం తగిలితే ఉపగ్రహమే ముక్కలైపోతుంది.

కోడుమూరు ఉన్న అక్షాంశం ఉత్తరాన సుమారు 15.7 డిగ్రీలు. భూమధ్యరేఖకు అంతకంటే ఎక్కువ వాలుతో తిరిగే ప్రతి వస్తువూ ఈ అక్షాంశాన్ని ఒక్కో ప్రదక్షిణలో రెండుసార్లు దాటుతుంది. దిగువ కక్ష్యలోని ఉపగ్రహాల్లో, శకలాల్లో దాదాపు అన్నింటి వాలూ అంతకంటే ఎక్కువే. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది కనుక ఇవాళో రేపో అవన్నీ ఇక్కడి ఆకాశం మీదుగా పోయేవే.

శకలం ఆయుష్షు

వ్యర్థం కక్ష్యలో ఎంత కాలం ఉంటుందన్నది ప్రధానంగా దాని ఎత్తును బట్టి ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్ల పైన కూడా గాలి ఆనవాళ్లు పలుచగా ఉంటాయి. ఆ రాపిడికి వస్తువు కొంచెం కొంచెంగా వేగం కోల్పోయి కిందికి దిగుతుంది. 300 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నది నెలల్లోనో కొద్ది ఏళ్లలోనో వాతావరణంలో పడి కాలిపోతుంది. 600 కిలోమీటర్ల ఎత్తులో దశాబ్దాలు, 800 దగ్గర శతాబ్దాలు పడుతుంది. 1,000 కిలోమీటర్లు దాటితే వెయ్యేళ్ల లెక్క. భూస్థిర కక్ష్యలో ఆ రాపిడే లేదు, అందువల్ల అక్కడి వస్తువు దానంతట అది ఎన్నటికీ దిగిరాదు. సూర్యుడి చురుకుదనం పెరిగిన ఏళ్లలో పై వాతావరణం వేడెక్కి వ్యాకోచించి ఎక్కువ శకలాలను కిందికి లాగుతుంది. ప్రకృతి చేసే ఈ శుద్ధి తక్కువ ఎత్తులకే పరిమితం.

1958 మార్చి 17న అమెరికా పంపిన వాన్‌గార్డ్–1 కొన్నేళ్లకే మూగబోయినా ఈనాటికీ కక్ష్యలోనే ఉంది. ఇప్పటికీ తిరుగుతున్న మానవ నిర్మిత వస్తువుల్లో అదే అన్నిటికంటే పాతది.

సమస్య పెరిగిన తీరు

కక్ష్యలో తొలి పేలుడు 1961 జూన్ 29న జరిగింది. ట్రాన్సిట్–4ఎ ఉపగ్రహాన్ని చేరవేసిన అమెరికా రాకెట్ పైదశ పేలి దాదాపు 300 ముక్కలైంది. 1978లో నాసా శాస్త్రవేత్తలు డొనాల్డ్ కెస్లర్, బర్టన్ కూర్–పలే ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. కక్ష్యలో వస్తువుల సాంద్రత ఒక హద్దు దాటితే ఒక ఢీకొనడం వల్ల పుట్టిన శకలాలు మరికొన్ని ఢీకొనడాలకు దారితీస్తాయని, కొత్త ప్రయోగాలు ఆపేసినా వ్యర్థాలు పెరుగుతూనే ఉంటాయని వారు లెక్కగట్టి చూపారు. ఈ గొలుసుకట్టు పరిణామాన్నే ఇప్పుడు కెస్లర్ సిండ్రోమ్ అంటున్నారు.

వారి హెచ్చరిక నిజమవుతోందని తర్వాతి సంఘటనలు చూపాయి. 1996 జులైలో ఫ్రాన్స్ ఉపగ్రహం సెరీజ్‌ను పదేళ్ల కిందట పేలిన ఏరియాన్ రాకెట్ ముక్క ఢీకొట్టింది. 2007 జనవరి 11న చైనా తన పాత వాతావరణ ఉపగ్రహం ఫెంగ్యున్–1సిని సుమారు 860 కిలోమీటర్ల ఎత్తులో క్షిపణితో పేల్చింది. గుర్తించగలిగినంత పెద్ద ముక్కలే 3 వేలకు పైగా పుట్టాయి. చరిత్రలో ఒకే సంఘటనలో పుట్టిన శకలాల్లో ఇవే అత్యధికం. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తులో, పనిచేస్తున్న ఇరిడియం–33 ఉపగ్రహాన్ని రష్యాకు చెందిన నిర్జీవ ఉపగ్రహం కాస్మోస్–2251 ఢీకొంది. రెండు పూర్తి ఉపగ్రహాలు ఢీకొనడం అదే మొదటిసారి.

2021 నవంబరు 15న రష్యా తన పాత ఉపగ్రహం కాస్మోస్–1408ని క్షిపణితో పేల్చినప్పుడు 1,500కు పైగా శకలాలు చెల్లాచెదురయ్యాయి. ఆ సమయంలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఏడుగురున్నారు. వారిలో తెలంగాణ మూలాలున్న అమెరికా వ్యోమగామి రాజా చారి ఒకరు. క్రూ–3 బృందానికి కమాండర్‌గా ఆయన అక్కడికి చేరి నాలుగు రోజులే అయింది. శకలాల గుంపు దగ్గరికి వస్తోందన్న హెచ్చరికతో బృందమంతా గదుల తలుపులు మూసి, తిరుగు ప్రయాణానికి ఉంచిన నౌకల్లో తలదాచుకోవాల్సి వచ్చింది. కేంద్రానికి దెబ్బ తగిలితే వెంటనే భూమికి బయల్దేరడానికే ఈ ఏర్పాటు. 2025 నవంబరులో చైనా అంతరిక్ష కేంద్రం నుంచి తిరిగిరావాల్సిన షెంజౌ–20 నౌక కిటికీలో పగుళ్లు కనిపించాయి. శకలం తగిలిందన్న అనుమానంతో వ్యోమగాముల ప్రయాణం వాయిదా వేసి వారిని మరో నౌకలో దించారు.

శ్రీహరికోట నుంచి పుట్టిన శకలాలు

2001 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ–సి3 భారత టీఈఎస్ ఉపగ్రహాన్ని, మరో రెండు విదేశీ ఉపగ్రహాలను కక్ష్యలో పెట్టింది. ప్రయోగం పూర్తిగా విజయవంతమైంది. రెండు నెలలు తిరగకముందే, డిసెంబరు 19న, కక్ష్యలో మిగిలిన ఆ రాకెట్ నాలుగో దశ పేలిపోయింది. దాని నుంచి పుట్టిన 371 శకలాలను గుర్తించారు. 2023 చివరికి వాటిలో చాలా వరకు వాతావరణంలో కాలిపోగా 41 ఇంకా తిరుగుతూనే ఉన్నాయని ఇస్రో నివేదిక తెలిపింది. రెండు దశాబ్దాలు దాటినా ఆ ఒక్క పేలుడు ఖాతా ముగియలేదు.

పని ముగిసిన దశలో మిగిలిపోయే ఇంధనం, పీడనంలో ఉన్న వాయువులు ఇలాంటి పేలుళ్లకు సాధారణ కారణాలు. ఆ సంఘటన తర్వాత ఇస్రో తన రాకెట్ల చివరి దశల్లో మిగిలిన ఇంధనాన్ని, వాయువును ప్రయోగం ముగియగానే బయటికి వదిలేసే పద్ధతి పాటిస్తోంది.

రెండో సంఘటన ఉద్దేశపూర్వకంగా జరిగింది. 2019 మార్చి 27న మిషన్ శక్తి పేరుతో భారత్ ఉపగ్రహ విధ్వంసక క్షిపణిని పరీక్షించింది. లక్ష్యంగా పెట్టుకున్న మైక్రోశాట్–ఆర్ అదే ఏడాది జనవరి 24న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ–సి44 మీద వెళ్లినదే. క్షిపణి ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం ద్వీపం నుంచి లేచింది. దాని రూపకల్పనలో హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన సంస్థ (డీఆర్‌డీఓ) ప్రయోగశాలలది ముఖ్యపాత్ర. అప్పటి డీఆర్‌డీఓ అధిపతి జి.సతీశ్ రెడ్డి నెల్లూరు జిల్లా వారు. శకలాలు త్వరగా రాలిపోవాలనే సుమారు 280 కిలోమీటర్ల తక్కువ ఎత్తును ఎంచుకున్నారు. చాలా ముక్కలు కొన్ని వారాల్లోనే కాలిపోయాయి. ఢీకొన్న ఊపుకి కొన్ని ముక్కలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కంటే పై ఎత్తులకు ఎగిరాయి, వాటిలో కొన్ని కిందికి రావడానికి సంవత్సరాలు పట్టింది. తక్కువ ఎత్తులో పేల్చినా ముక్కలు పైకి పోవని ఎవరూ హామీ ఇవ్వలేరని ఈ పరీక్ష నేర్పింది. అందుకే ఏ దేశమైనా ఇలాంటి పరీక్షలు మళ్లీ చేయకపోవడమే మేలు.

మూడో కోణం రద్దీ. 2022 అక్టోబరు 23న, 2023 మార్చి 26న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం–3 రాకెట్లు వన్‌వెబ్ సంస్థకు చెందిన 36 చొప్పున ఉపగ్రహాలను తీసుకెళ్లాయి. ఆ ఉపగ్రహాలు పనిచేసేది సుమారు 1,200 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ ఏదైనా చెడిపోతే ప్రకృతి దాన్ని దించదు. స్టార్‌లింక్ వేలాది ఉపగ్రహాలను తక్కువ ఎత్తులో తిప్పుతోంది. అక్కడ సహజ శుద్ధి వేగంగా జరిగినా, దారి తప్పించుకునే విన్యాసాలు నిరంతరం చేస్తూ ఉండాల్సిందే. హైదరాబాద్ కేంద్రంగా స్కైరూట్, ధ్రువ స్పేస్ వంటి ప్రైవేటు సంస్థలు కూడా రంగంలోకి వచ్చాయి. స్కైరూట్ విక్రమ్–ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి లేచింది, అదే నెల 26న ధ్రువ స్పేస్ చిన్న ఉపగ్రహాలు పీఎస్ఎల్‌వీ–సి54 మీద కక్ష్యకు వెళ్లాయి. ప్రయోగాలు పెరిగే కొద్దీ బాధ్యత కూడా పంచుకోక తప్పదు.

నేలకు తిరిగి వచ్చేవి

కక్ష్య నుంచి దిగే వస్తువుల్లో చాలా భాగం వాతావరణంలో కాలిపోతుంది. టైటానియం గోళాలు, ఇంధన ట్యాంకులు, దళసరి లోహపు వలయాలు మాత్రం ఒక్కోసారి నేలను తాకుతాయి. తెలుగు పల్లెలకు ఈ భయం కొత్త కాదు. 1979లో 77 టన్నుల అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఎక్కడ కూలుతుందో తెలియని రోజుల్లో ఊళ్లకు ఊళ్లు కలవరపడ్డాయి. చివరికి జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. ఆ కలవరాన్ని కథగా తీసుకుని 2021లో స్కైలాబ్ పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది.

2022 ఏప్రిల్ 2 రాత్రి తెలంగాణకు ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఆకాశం నుంచి మండుతూ వచ్చిన వస్తువులు జనానికి కనిపించాయి. లాడ్‌బోరీ అనే ఊళ్లో పెద్ద లోహపు వలయం, చుట్టుపక్కల గోళాకారపు ట్యాంకులు దొరికాయి. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన చాంగ్‌జెంగ్–3బి రాకెట్ పైదశ అప్పుడు అదే దారిలో వాతావరణంలోకి దిగిందని నిపుణులు గుర్తించారు. ఎవరికీ గాయాలు కాలేదు.

మన రాకెట్ ముక్కలు వేరే దేశాల తీరాలకు చేరిన సందర్భమూ ఉంది. 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్ హెడ్ దగ్గర ఒక పెద్ద లోహపు స్తూపం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అది పీఎస్ఎల్‌వీ మూడో దశ భాగమని ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ నిర్ధారణకు వచ్చింది. ఇది కక్ష్యకు చేరకుండానే సముద్రంలో పడే దశ. 2024 మార్చి 8న అమెరికాలోని ఫ్లోరిడాలో అంతరిక్ష కేంద్రం నుంచి వదిలేసిన పాత బ్యాటరీల సామగ్రిలో 700 గ్రాముల ముక్క ఒక ఇంటి పైకప్పును చీల్చుకుని లోపలికి దూరింది.

ఒక మనిషికి ఇలాంటి ముక్క తగిలే అవకాశం చాలా చాలా తక్కువ. అయినా పొలంలోనో వంక ఒడ్డునో అనుమానాస్పదమైన లోహపు వస్తువు కనిపిస్తే ముట్టుకోకూడదు. రాకెట్ ట్యాంకుల్లో హైడ్రజైన్ వంటి విష ఇంధనాల అవశేషాలు ఉండే ప్రమాదముంది. పిల్లలను, పశువులను దూరంగా ఉంచి పోలీసులకో రెవెన్యూ అధికారులకో చెప్పాలి. పాత ఇనుము కింద అమ్ముకోవాలన్న ఆలోచన ప్రాణాల మీదికి తెస్తుంది.

కాలిపోయినంత మాత్రాన ముప్పు తీరిపోయినట్లు కాదు. 2023లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన స్ట్రాటోస్ఫియర్‌లోని పెద్ద ఆమ్ల కణాల్లో సుమారు పదో వంతులో, కాలిపోయిన అంతరిక్ష నౌకల అల్యూమినియం, ఇతర లోహాల జాడలు కనుగొంది. ఈ లోహాలు ఓజోన్ పొర మీద చూపే ప్రభావాన్ని శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్నారు.

పడమటి మండలాలకు కలిగే నష్టం

హంద్రీ పరివాహకంలోని కోడుమూరు, పత్తి మార్కెట్‌కు పేరున్న ఆదోని, చేనేతకు పేరున్న ఎమ్మిగనూరు ప్రాంతాల్లో సేద్యం చాలా వరకు వాన మీదే ఆధారపడి ఉంది. పత్తి, వేరుశనగ, కంది, ఉల్లి పండించే ఈ మండలాల్లో వాన ముఖం చాటేస్తే కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనులు వెతుక్కుంటూ, వలసపోవడం మామూలుగా కనిపించేదే. ఇక్కడ కరువును గుర్తించే లెక్కల్లో ఉపగ్రహాల పాత్ర పెద్దది. పైరు పచ్చదనాన్ని ఉపగ్రహాల నుంచి కొలిచి కరువు అంచనా వేసే జాతీయ కార్యక్రమాన్ని హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ 1980ల చివర్లో మొదలుపెట్టింది. కేంద్ర ప్రభుత్వపు 2016 కరువు నియమావళిలో వర్షపాతంతో పాటు ఉపగ్రహాలు చూపే పైరు స్థితి కూడా ఒక కొలమానం.

ఈ పనికి వాడే రిసోర్స్‌శాట్–2 2011 ఏప్రిల్ 20న, రిసోర్స్‌శాట్–2ఎ 2016 డిసెంబరు 7న శ్రీహరికోట నుంచి వెళ్లాయి. అవి తిరిగేది సుమారు 817 కిలోమీటర్ల ఎత్తులో. ఫెంగ్యున్ పేలుడు, ఇరిడియం ఢీకొనడం జరిగిన ఎత్తులు దీనికి పైన, కింద అటూఇటూగా ఉన్నవే. భూమి చుట్టూ శకలాలు బాగా కిక్కిరిసిన పొరల్లో ఇదొకటి. అక్కడ ఒక ఉపగ్రహం దెబ్బతింటే కోట్ల రూపాయల యంత్రం పోవడమే కాక, ఏళ్ల తరబడి పోగయ్యే చిత్రాల వరుస తెగిపోతుంది. ఈ ఏడాది పైరును నిరుటి పైరుతో, గత పదేళ్ల సగటుతో పోల్చి చూడడానికి ఆ వరుసే ఆధారం. పోలిక చెడితే ఏ మండలం కరువు జాబితాలో చేరాలో తేల్చే లెక్కలో ఒక సాక్ష్యం పోతుంది. దాని భారం చివరికి రైతు మీదే పడుతుంది.

కనిపెట్టడం, తప్పించడం

కక్ష్యలోని వస్తువుల ప్రధాన పట్టికను అమెరికా రాడార్లు, టెలిస్కోపుల వ్యవస్థ నిర్వహిస్తోంది. సుమారు 40 వేల వస్తువులను క్రమం తప్పకుండా గమనిస్తున్నారు. సెంటీమీటరు స్థాయి ముక్కల్లో అత్యధికం ఎవరి కంటికీ చిక్కవు. తప్పించుకోలేని ముప్పు వాటి వల్లే ఎక్కువ.

శ్రీహరికోటలోని బహుళ వస్తు అన్వేషణ రాడార్ ఒకేసారి పది వస్తువులను వెంబడించగలదు, 800 కిలోమీటర్ల దూరాన 30 సెంటీమీటర్ల వస్తువును పసిగట్టగలదు. 2022 జులై 11న బెంగళూరులో ఇస్రో అంతరిక్ష భద్రతా కేంద్రం ఐఎస్4ఓఎం ప్రారంభమైంది. స్వదేశీ రాడార్లు, టెలిస్కోపులతో సొంత పరిశీలన జాలాన్ని నిర్మించే ప్రాజెక్టు పేరు నేత్ర.

ఢీకొనే అవకాశం హద్దు దాటిందని తేలితే ఉపగ్రహంలోని ఇంధనాన్ని మండించి దారి కాస్త మారుస్తారు. ఇస్రో 2021లో 19, 2022లో 21, 2023లో 23 సార్లు ఇలాంటి విన్యాసాలు చేసింది. ఇలా ఖర్చయ్యే ఇంధనం మేరకు ఉపగ్రహం ఆయుష్షు తగ్గుతుంది. రాకెట్ లేచే క్షణాన్ని కూడా శకలాలే నిర్ణయిస్తున్నాయి. 2012 సెప్టెంబరు 9న ఇస్రో నూరో మిషన్ పీఎస్ఎల్‌వీ–సి21 శకలాల కారణంగా రెండు నిమిషాలు, 2014 జూన్ 30న పీఎస్ఎల్‌వీ–సి23 మూడు నిమిషాలు ఆలస్యంగా లేచాయి. 2023లో చంద్రయాన్–3 ప్రయోగ సమయాన్ని ఇదే కారణంతో నాలుగు సెకన్లు జరిపారు.

నివారణ

వ్యర్థం పుట్టకుండా చూడడమే అన్నిటికంటే చవకైన మార్గం. పని ముగిసిన ఉపగ్రహం 25 ఏళ్లలోపు దిగువ కక్ష్యను ఖాళీ చేయాలన్నది అంతర్జాతీయంగా చాలాకాలం పాటించిన ప్రమాణం. అమెరికా సమాచార ప్రసార నియంత్రణ సంస్థ 2022లో దీన్ని తన పరిధిలోని ఉపగ్రహాలకు ఐదేళ్లకు కుదించింది. భూస్థిర కక్ష్యలోని వాటిని మరో 300 కిలోమీటర్లు పైకి పంపి విడిచిపెడతారు.

ఈ విషయంలో ఇస్రో చేసి చూపించిన రెండు పనులను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఉష్ణమండల వానలను అధ్యయనం చేయడానికి ఫ్రాన్స్‌తో కలిసి 2011 అక్టోబరు 12న పంపిన మేఘా–ట్రోపిక్స్–1 సుమారు 867 కిలోమీటర్ల ఎత్తులో ఉండేది. వదిలేస్తే వందేళ్లకు పైగా తిరిగేది. నియంత్రణతో దింపడానికి తగ్గట్టు దాన్ని రూపొందించకపోయినా, మిగిలిన ఇంధనంతో దశలవారీగా కిందికి తెచ్చి 2023 మార్చి 7న పసిఫిక్ మహాసముద్రం మీద కాలిపోయేలా చేశారు. 2007 జనవరి 10న వెళ్లిన కార్టోశాట్–2 సహజంగా దిగడానికి దాదాపు 30 ఏళ్లు పట్టేది. దాని కక్ష్యను ముందే తగ్గించడం వల్ల 2024 ఫిబ్రవరి 14న హిందూ మహాసముద్రం మీద దాని కథ ముగిసింది.

రాకెట్ చివరి దశనే చిన్న ప్రయోగశాలగా వాడుకుని ఆ తర్వాత దింపేసే పోయమ్ పద్ధతి మరో ముందడుగు. 2024 జనవరి 1న పీఎస్ఎల్‌వీ–సి58 నాలుగో దశను 350 కిలోమీటర్ల ఎత్తుకు దించారు, మార్చి 21న అది వాతావరణంలోకి చేరింది. దీంతో ఆ ప్రయోగం వల్ల కక్ష్యలో వ్యర్థమేదీ మిగల్లేదు. 2024 ఏప్రిల్‌లో బెంగళూరులో జరిగిన అంతర్జాతీయ వ్యర్థాల సమన్వయ సంఘం సమావేశంలో, 2030 నాటికి ప్రభుత్వ, ప్రైవేటు భారత ప్రయోగాలన్నీ వ్యర్థ రహితంగా ఉండాలన్న లక్ష్యాన్ని ఇస్రో అప్పటి అధ్యక్షుడు ఎస్.సోమనాథ్ ప్రకటించారు.

తొలగింపు

ఇప్పటికే ఉన్న పెద్ద వ్యర్థాలను ఒక్కొక్కటిగా దించడం కష్టమైన పని, ఖర్చూ ఎక్కువే. నిర్జీవ వస్తువు అదుపు లేకుండా పల్టీలు కొడుతుంటుంది, పట్టుకోవడానికి పిడి ఉండదు. 2018లో బ్రిటన్ ఆధ్వర్యంలోని రిమూవ్‌డెబ్రి ప్రయోగం కక్ష్యలో వల విసిరి చూసింది. 2024లో జపాన్ సంస్థ ఆస్ట్రోస్కేల్ పంపిన నౌక ఒక పాత రాకెట్ దశకు 15 మీటర్ల దగ్గరి దాకా వెళ్లగలిగింది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న కక్ష్యలో అనుసంధానమయ్యాయి. దగ్గరికి చేరడం, కలవడం, విడిపోవడం నేర్చుకోకుండా వ్యర్థాలను పట్టి దించడం సాధ్యం కాదు కనుక ఈ విజయం విలువ పెద్దది. అదే ప్రయోగంలోని పోయమ్–4 మీద శకలాన్ని పట్టుకునే మరచేతిని కూడా పంపారు.

లేజర్ కాంతితో చిన్న శకలాల వేగం తగ్గించాలన్న ఆలోచన మీద కొన్ని దేశాల్లో పరిశోధన సాగుతోంది.

చట్టం

1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం ప్రయోగించిన వస్తువు బాధ్యత ఆయా దేశాలదే. 1972 నాటి బాధ్యతా ఒప్పందం ప్రకారం భూమి మీద నష్టం జరిగితే, తప్పు నిరూపించనక్కర లేకుండానే ప్రయోగించిన దేశం పరిహారం ఇవ్వాలి. కక్ష్యలో జరిగిన నష్టానికి మాత్రం తప్పు ఎవరిదో నిరూపించాలి. 1978 జనవరిలో అణు రియాక్టరున్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్–954 కెనడాలో కూలితే, ఆ దేశం 60 లక్షల కెనడా డాలర్లు అడిగింది, చివరికి 30 లక్షలు అందాయి.

విదేశీ శకలం కర్నూలు జిల్లాలో పడి నష్టం కలిగితే భారత ప్రభుత్వం బాధితుల తరఫున ఆ దేశాన్ని అడగవచ్చు. మన రాకెట్ ముక్కే మన పౌరుడికి నష్టం కలిగిస్తే ఈ ఒప్పందం వర్తించదు, దేశీయ చట్టమే దిక్కు. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా వెలువడింది కానీ చట్టం కాలేదు. 2023 అంతరిక్ష విధానం ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచి అనుమతుల బాధ్యతను ఇన్‌స్పేస్ అనే ప్రభుత్వ సంస్థకు అప్పగించింది. విధానం దారి చూపుతుంది. బాధితుడికి హక్కు ఇచ్చేది మాత్రం చట్టమే. వ్యర్థాల తగ్గింపుపై ఐక్యరాజ్యసమితి 2007లో ఆమోదించిన మార్గదర్శకాలు కూడా స్వచ్ఛందమైనవే.

ముందున్న కర్తవ్యం

కక్ష్య ఏ ఒక్క దేశానిదీ కాదు, అందరి ఉమ్మడి ఆస్తి. అందులో పోగయ్యే వ్యర్థానికి మూల్యం చెల్లించేది మాత్రం పారేసినవారొక్కరే కాదు. సొంత ఉపగ్రహం లేని దేశాల రైతులు, జాలర్లు కూడా వాన కబురు కోసం, తుపాను హెచ్చరిక కోసం అదే కక్ష్య మీద ఆధారపడి ఉన్నారు. చేయాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. ఉపగ్రహాలను పేల్చే పరీక్షలు అన్ని దేశాలూ మానాలి. దించే ఏర్పాటు లేని ఉపగ్రహానికి, రాకెట్ దశకు ప్రయోగ అనుమతి ఇవ్వకూడదు. దేశాలు తమ రాడార్ల సమాచారాన్ని దాచుకోకుండా పంచుకోవాలి. భారత్ తన 2030 లక్ష్యాన్ని ప్రైవేటు సంస్థలకూ వర్తించే చట్టంగా మార్చాలి, అందులో పరిహారం సంగతి కూడా తేల్చాలి. పీఎస్ఎల్‌వీ–సి3 శకలాల నుంచి వ్యర్థమేదీ మిగల్చని పీఎస్ఎల్‌వీ–సి58 దాకా శ్రీహరికోట నడిచిన దారి ఇవన్నీ సాధ్యమేనని రుజువు చేసింది. ఒక్క ప్రయోగంలో సాధించినదాన్ని ప్రతి ప్రయోగానికీ నియమంగా మార్చడమే ఇప్పుడు మిగిలిన పని.